రేడియో ఆడిషన్‌లో రాలేదు, కారణం రాయలేదు. మరి ఏం దిద్దుకోవాలి?

ఐదున్నర_శృతి (రాజమండ్రి)

నమస్తే అండి అందరికీ. చాలాకాలంగా ఇక్కడ చదువుతూనే ఉన్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు. నాది కర్ణాటక గాత్రం, ఒక స్కూల్లో మ్యూజిక్ టీచర్‌గా చేస్తున్నా. రేడియో వాళ్ళు కళాకారులకి ఇచ్చే గ్రేడుల్లో మొదటి మెట్టైన బి గ్రేడ్ కోసం ఆడిషన్ ఇచ్చాను, మొన్న రిజల్ట్ వచ్చింది, నాట్ అప్రూవ్డ్ అని. అంతే, ఇంకో ముక్క లేదు.

అప్పట్నుంచి పొద్దున్నే తంబూరా యాప్ ఆన్ చేసి కూర్చుంటున్నా, మొట్టమొదటి పాఠమైన సరళీ వరస దాటి ముందుకు పోవట్లేదు గొంతు. మా అత్తగారు ఒక్క మాట అనలేదు, పైగా పొద్దున పూట వంటగదిలోకి రానివ్వకుండా ఆవిడే చూసుకుంటున్నారు నన్ను పాడుకోమని, అది ఇంకా కష్టంగా ఉంది. గురువుగారికి ఇంకా ఫోన్ చెయ్యలేదు, ఏమని చెప్పాలో తెలీక.

ఓదార్పు కోసం కాదండి ఇది రాస్తోంది. ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పనప్పుడు ఏం దిద్దుకోవాలి? శృతా, లయా, అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడే మనోధర్మమా, సాహిత్యం పలకడమా? అసలు ఆడిషన్ అయ్యాక మీరు ఏం చేస్తారు? డాన్స్, నాటకం, సినిమా వాళ్ళు కూడా చెప్పండి, అందరికీ ఎక్కడో ఒక చోట ఇది తగిలే ఉంటుంది.

మద్దెల_మోత (విజయవాడ)

ముందు గురువుగారికి ఫోన్ చెయ్యమ్మా. ఆయనకి ఈపాటికి తెలిసే ఉంటుంది, మన ఊళ్ళలో ఇలాంటివి దాగవు. నీ నోటితో చెప్తే ఆయనకీ బాగుంటుంది.

రెండోది, ఇది పోటీ కాదని గుర్తుపెట్టుకో. పది మందిలో ఒకరికే ఇస్తాం అనే లెక్క ఇక్కడ ఉండదు. గ్రేడ్ అంటే ఒక గీత, దాన్ని అందుకున్నవాళ్ళందరికీ ఇస్తారు. అంటే ఇంకెవరో నీ చోటు పట్టుకుపోయారన్న బాధ అక్కర్లేదు, ఆ గీత అక్కడే ఉంటుంది, గడువు అయ్యాక మళ్ళీ అప్లై చేసుకోవచ్చు. నేను బి నుంచి పై మెట్టైన బి హైకి వెళ్ళేటప్పుడు కూడా ఒకసారి వెనక్కి పంపారు. ఏడుపొచ్చింది, నిజమే చెప్తున్నా, ఆ నెల కచేరీలు ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో తెలిస్తే కాస్త కోపం తగ్గుతుంది. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చాక ఈ ఆడిషన్లు, గ్రేడులు గట్టిగా మొదలుపెట్టారు. అప్పటికే పేరున్న విద్వాంసులు చాలామంది మేం ఆడిషన్ ఇవ్వడమేంటి అని పెద్ద గొడవే చేశారు. పాడేవాళ్ళు ఎవరో వినేవాళ్ళకి కనపడకూడదు, గొంతు మాత్రమే వినపడాలి అన్నది అందులో ఉన్న ఆలోచన. స్టేషన్‌లో లోకల్ కమిటీ, ఆ పైన ఢిల్లీలో మ్యూజిక్ ఆడిషన్ బోర్డు, బోర్డు వాళ్ళ చేతికి వెళ్ళేది రికార్డింగే. నీ ముఖంలో భావం, నువ్వు వేసిన తాళం, సభలో జనం ఊపిన తల, ఇవేవీ అందులో ఉండవు.

కృష్ణానగర్_కిరాయిరూం (హైదరాబాద్)

అక్కా నీ పోస్ట్ చూసి ఆగలేక రాస్తున్న. మాది కరీంనగర్ దిక్కు, యాక్టింగ్ కోసం వచ్చిన. మీకు కనీసం గీత అన్న ఉన్నది, మాకు అది గూడ లేదు. పొద్దున యూసుఫ్‌గూడ నుంచి నడుసుకుంట పోయి ఏదో ఆఫీసు కింద లైన్ల నిలబడ్తం, పేరు, ఎత్తు, వయసు, ఫోన్ నెంబర్ కెమెరా ముంగట చెప్పాలె, ఎడమ పక్కకు తిరుగు, కుడి పక్కకు తిరుగు, డైలాగ్ ఒకటి చెప్పు, సరే చెప్తం పో అంటరు. ఆ చెప్తం అన్నది మళ్ల రాదు. కాదని చెప్పేటోడు గూడ ఉండడు, ఫోన్ రాకపోవుడే జవాబు.

ఒకపారి ఒక తమ్ముని పాత్రకు చివరి దాక పోయిన. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ల తెలిసిన అన్న ఉంటే అడిగిన, అన్నా ఎందుకు పోయింది అని. నువ్వు బాగనే చేసినవ్ రా, అక్క పాత్రకు తీసుకున్న అమ్మాయి నీకంటె పొట్టిగ ఉన్నది, పక్కపక్కన నిలబెడితె నువ్వే అన్న లెక్క కనపడ్తున్నవ్ అన్నడు. చెప్పు, గిండ్ల నేను దిద్దుకునేది ఏమున్నది? ఎత్తు తగ్గిచ్చుకోవాల్నా? ఆ దినం సంది నాకు తెలివొచ్చింది, మా కాడ వచ్చే కాదులల్ల సగానికి మీద నా యాక్టింగ్‌తోని సంబంధం లేనివే. గందుకే నేను ఇప్పుడు రిజల్ట్ గురించి రాసుకోను, ఆడ నేను ఏం చేసిన్నో అది మాత్రం బస్సుల ఎక్కంగనే ఫోన్ల రాసుకుంట. డైలాగ్ మర్చిపోయిన్నా, కళ్ళు కెమెరా దిక్కు పోయినయా, ఎదుటోని మాట ఇన్నకముందే నేను జవాబు చెప్పిన్నా. నా చేతుల ఉన్నయి గంతే.

గోలీసోడా

అమితాబ్ బచ్చన్ గొంతునే రేడియో వాళ్ళు వద్దన్నారు కదా అండి, మనమెంత.

మువ్వల_సవ్వడి (మచిలీపట్నం)

@గోలీసోడా మంచి మనసుతోనే అన్నారని తెలుసు గానీ ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఇంకా నీరసం వస్తుంది. అమితాబ్ అయిపోయినవాళ్ళ గురించి మాత్రమే మనకి తెలుస్తుంది. అమితాబ్ కాకపోయినా పర్లేదు, మా ఊళ్ళో నాలుగు మంచి ప్రోగ్రాములు చేసుకుంటూ పిల్లలకి నేర్పుకుంటూ బతకాలి అనుకునేవాళ్ళకి ఆ కథ ఏం పనికొస్తుంది చెప్పండి.

నేను కూచిపూడి. దూరదర్శన్ గ్రేడ్‌కి వెళ్ళాను, ఇంకా ఒకట్రెండు స్కాలర్‌షిప్‌లకి వెళ్ళాను, టీవీ డాన్స్ ప్రోగ్రామ్ ఆడిషన్ కూడా ఇచ్చాను, అది ఏ ఛానలో చెప్పను. గ్రేడ్‌లో పోయినప్పుడు బాధేసింది కానీ అర్థమైంది, అడిగింది చేసి చూపించలేకపోయాను. జతి (అడుగులకి చెప్పే తకధిమి లాంటి అక్షరాల వరస) మొదలుపెట్టాక రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి వెళ్ళమన్నారు, తాళం కొట్టి జతులు చెప్పే నట్టువాంగం నాకు అలవాటైన మాష్టారిది కాదు, అడుగు ఎక్కడ పడుతోందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంటికొచ్చి అదే జతిని వేరేవాళ్ళ చేత చెప్పించుకుని చేశాను, పాటకి బదులు ఉత్త తాళం మీద చేశాను, రెండు వారాల్లో తేడా తెలిసింది.

టీవీ వాళ్ళ దగ్గర జరిగింది వేరు. నా డాన్స్ గురించి ఒక్క మాట అనలేదు. రంగు గురించి, నడుము గురించి అన్నారు, అందరి ముందు, కెమెరా ఆన్‌లో ఉండగానే. దాన్ని కూడా ఫీడ్‌బ్యాక్ అనుకుని నేను చాలా కాలం తిండి మానేసి ఒళ్ళు పాడుచేసుకున్నాను. ఇక్కడ చిన్నపిల్లలు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం రాస్తున్నా. మీరు చేసిన పని గురించి చెప్తే వినండి, మార్చుకోండి. మీ ఒంటి గురించి ఎగతాళి చేస్తే అందులో నేర్చుకోవాల్సింది ఏదీ లేదు, ఆ గదిలోంచి బయటికొచ్చేయండి, అమ్మకో నాన్నకో చెప్పండి.

కృష్ణానగర్_కిరాయిరూం

మువ్వల అక్కా, మంచి మాట చెప్పినవ్. ఇంకోటి గూడ నేను కలుపుత. సెలెక్ట్ అయినవ్, రిజిస్ట్రేషన్‌కు పైసల్ కట్టు, పోర్ట్‌ఫోలియో మా దగ్గర్నే తియ్యించుకోవాలె అంటే అది ఆడిషన్ కాదు. సినిమాల పాత్ర ఇచ్చేటోడు నీకు పైసలిస్తడు, నీ దగ్గర తీసుకోడు. నాలుగైదు దిక్కుల కాదనిపిచ్చుకున్నోనికి ఎవడన్న అవును అంటే సాలు అనిపిస్తది, ఆ టైముల్నే పట్టుకుంటరు మనల్ని.

వీణతంతి (విజయనగరం)

ఆలస్యంగా చూశాను. సంగీత కళాశాలలో చాలా ఏళ్ళు పాఠం చెప్పి రిటైర్ అయినవాణ్ణి, ఎంపిక కమిటీల్లో కూర్చున్నవాణ్ణి కూడా. కుర్చీకి అటువైపు ఏం జరుగుతుందో చెప్తే అమ్మాయికి పనికొస్తుందేమో.

మొట్టమొదట వినేది శృతి. మీరు మొదట పాడే వర్ణం ఎత్తుకోకముందే, షడ్జం, అంటే ‘స’ పట్టుకునే ఆ ఒక్క క్షణంలో సగం సంగతి తెలిసిపోతుంది. స్టూడియో గదిలో గోడలకి మెత్తలుంటాయి, ప్రతిధ్వని ఉండదు. మన ఇంట్లో హాల్లోనో గుళ్ళోనో పాడుకుంటే గోడలు మన స్వరాన్ని కాస్త సాగదీసి తిరిగిస్తాయి, తప్పులు సర్దుకుపోతాయి. అక్కడ గొంతు ఉన్నది ఉన్నట్టు వినపడుతుంది. అది అలవాటు లేనివాళ్ళు తమ గొంతు తమకే సన్నగా వినిపించేసరికి బెదిరి గట్టిగా పాడతారు. గట్టిగా పాడగానే తారస్థాయిలో, అంటే పై స్వరాల్లో, శృతి పైకెక్కుతుంది. ఇది ఎంతమందిలో విన్నానో. దీనికి మందు సులువే. పరుపులూ దుప్పట్లూ ఉన్న పడగ్గదిలో, తలుపులు మూసి, తంబూరా చిన్నగా పెట్టుకుని పాడి రికార్డ్ చేసుకోవాలి.

రెండోది కాలప్రమాణం, అంటే నడక వేగం. కీర్తన ఎత్తుకున్న నడకకీ, చివర అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు ముగించిన నడకకీ పొంతన ఉండదు. పాడేవాళ్ళకి అది ఉత్సాహంలా ఉంటుంది, వినేవాళ్ళకి పరుగులా ఉంటుంది.

మూడోది మనోధర్మం. రాగం జాబితా మీరే ఇస్తారు, అందులోంచి వాళ్ళు అడుగుతారు. చాలామంది జాబితా చూడ్డానికి నిండుగా ఉండాలని తోడి, కాంభోజి, భైరవి అన్నీ రాసేస్తారు. తీరా తోడి అడిగితే గాంధారం, అంటే ‘గ’ దగ్గర నిలబడలేరు. అక్కడ గమకం, అంటే స్వరాన్ని ఊపడం, ఎంత వెడల్పు ఉండాలో తెలియక ఆ స్వరం మీదినుంచి జారిపోతారు. వినేవాళ్ళకి అది వెంటనే దొరుకుతుంది. మోహనం ఒద్దికగా పాడినవాళ్ళ మీద మాకు గౌరవం పెరుగుతుంది, తోడి తడబడినవాళ్ళ మీద జాలి కలుగుతుంది. ఇంకొకటి, బట్టీ పట్టిన స్వరాలు. పక్కవాయిద్యం వాళ్ళు ఒక చిన్న జవాబు ఇస్తారు, దానికి మీరు ఏమాత్రం చెవి ఇవ్వకుండా ముందే కట్టుకొచ్చిన ముక్తాయింపుకి, అంటే ముగింపుకి, వెళ్ళిపోతే అది మనోధర్మం కాదని ఎవరికైనా తెలుస్తుంది.

సాహిత్యం సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మనం తెలుగువాళ్ళం, త్యాగరాజ కీర్తనలో పదం ఎక్కడ విరగాలో మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా పాడే నెరవల్‌లో పదాన్ని అర్థం లేని చోట తుంచితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కారణం ఎందుకు రాయరు అంటే, నా వరకు నేను చెప్తాను, ఒక పూటలో వరసగా అంతమందిని విన్నాక ప్రతివాళ్ళకీ ఉపయోగపడేలా రాయడం అయ్యే పని కాదు, తొందరలో రాసిన వాక్యం మేలు కంటే కీడే చేస్తుంది. అయినా రాస్తే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. మార్కుల పట్టికైనా ఇవ్వచ్చు.

ఎడిసన్_అమ్మ (న్యూజెర్సీ)

మాస్టారూ మీరన్న మార్కుల పట్టిక గురించే రాద్దామని వచ్చాను. మా పెద్దమ్మాయి వెస్ట్రన్ వయొలిన్, చిన్నది కర్ణాటక గాత్రం. ఇక్కడ స్కూల్ పిల్లల రీజియన్ ఆర్కెస్ట్రా ఆడిషన్‌కి స్కేల్స్‌కి ఇన్ని, సోలోకి ఇన్ని, సైట్ రీడింగ్‌కి ఇన్ని అని విడివిడిగా వేస్తారు. మొదటిసారి రానప్పుడు గదిలో తలుపేసుకుంది పిల్ల. మర్నాడు స్కోర్ చూస్తే సోలో బాగానే ఉంది, సైట్ రీడింగ్‌లో పోయింది. అంతే, రోజూ పడుకోబోయే ముందు ఎప్పుడూ చూడని ఒక పేజీ తీసి వాయించేది. ఏడవడానికి ఏం మిగల్లేదు, చెయ్యడానికి పని దొరికింది కాబట్టి.

తెర విషయం కూడా. ఇక్కడ పెద్ద ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి ఎక్కువగా తెర అడ్డం పెట్టి వినడం మొదలుపెట్టాయి. ఆడవాళ్ళ చెప్పుల చప్పుడు తెలియకుండా కింద కార్పెట్ కూడా వేసేవారట కొన్ని చోట్ల. దాని మీద క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌజ్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు రాసిన పేపర్ 2000లో వచ్చింది, తెర వల్ల ఆడవాళ్ళకి అవకాశాలు పెరిగాయని అందులో తేల్చారు. ఆ గోల్డిన్‌కే 2023లో నోబెల్ వచ్చింది. మద్దెల గారు చెప్పిన 1952 సంగతి చదివాక మా ఆయనకి కూడా చూపించాను, గొంతు మాత్రమే వినాలన్న ఆలోచన మన రేడియోలో అప్పుడే ఉందా అని ఆశ్చర్యపోయారు.

చిన్నదాన్ని క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన పోటీలకి తీసుకెళ్తుంటాం. అక్కడ పిల్లల కంటే తల్లుల్ని చూస్తే భయమేస్తుంది నాకు. ప్రైజ్ రాకపోతే తిరుగు ప్రయాణం కారులో గంటల తరబడి మౌనం. నేను ఒక్కటే రూల్ పెట్టుకున్నా, ఆ రోజు సంగీతం గురించి ఏమీ మాట్లాడను, దారిలో ఎక్కడో ఆగి దానికి నచ్చింది తినిపిస్తా. మాట్లాడాల్సింది ఉంటే అదే రెండ్రోజులాగి మొదలుపెడుతుంది.

నిజంచెప్తా_77

అందరూ చాలా మంచి మాటలు చెప్తున్నారు గానీ అసలు విషయం ఎవరూ ముట్టుకోవట్లేదు. సిఫార్సు. ఫలానావారి శిష్యులైతే ఒకలాగ, లేకపోతే ఇంకోలాగ. తెర ఉన్నా గొంతు గుర్తుపట్టలేరా? మా చెల్లి విషయంలో జరిగింది, ఏ పోటీయో ఎవరో చెప్పను. దానికన్నా శృతి లేకుండా పాడినమ్మాయికి ఇచ్చారు. దాన్నుంచి ఏం నేర్చుకోవాలి?

మద్దెల_మోత

@నిజంచెప్తా_77 లేదని నేను అనను అన్నా. ఇన్నేళ్ళుగా ఈ రంగంలో ఉన్నా, చూశాను. మీ చెల్లెలికి అన్యాయం జరిగుంటే దానికి పాఠం అని పేరు పెట్టక్కర్లేదు, అన్యాయం అన్యాయమే, రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యగలిగితే చెయ్యండి. నాకు భయం ఎక్కడంటే, ఒకసారి సిఫార్సు అనే జవాబు దొరికాక ప్రతిదానికీ అదే జవాబు సరిపోతుంది. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు, నాకంటే మంచి చెయ్యి వాడిది, మృదంగం మీద చాపు దెబ్బ మోగిస్తే ఒళ్ళు జలదరించేది. మొదటిసారి పోయినప్పుడే అంతా సిఫార్సులని తేల్చేసుకున్నాడు. ఆ తర్వాత వాడు ఎవరి దగ్గరా ఏదీ అడగలేదు, ఎవరూ ఏదీ చెప్పలేదు. ఇప్పటికీ చెయ్యి అలాగే ఉంది, అక్కడే ఉంది. వాడి గురించి తల్చుకుంటే నాకు చాలా బాధ.

పద్యం_ప్రాణం (తెనాలి)

నాటకాల వాళ్ళం కూడా ఉన్నామండోయ్. మాది మనిషికొక ఆడిషన్ కాదు, నాటక సమాజం మొత్తానికి కలిపి ఒకటే. నాటక పోటీలు పెట్టే పరిషత్తుకి ఎంట్రీ పంపితే స్క్రూటినీ వాళ్ళు, అంటే ముందు చూసి ఎంపిక చేసేవాళ్ళు, వచ్చి చూస్తారు, మా ఊరి కల్యాణ మండపంలోనో స్కూల్ స్టేజి మీదో, జనం లేకుండా, ముగ్గురు కుర్చీల్లో కూర్చుని. పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవాడు లేకపోతే మా ప్రధాన పాత్రధారికి కాళ్ళాడవు, నవ్వు పుట్టాల్సిన చోట నవ్వు రాకపోతే హాస్యం వేసేవాడు తర్వాత డైలాగ్ మింగేస్తాడు. సెలెక్ట్ కాలేదని కబురు వచ్చిన రోజు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేం. నీ వల్లంటే నీ వల్లని మొదలైతే సమాజం విడిపోతుంది, మంచి మంచి సమాజాలు అలాగే పోయినయ్.

మేం ఒక పని చేస్తాం. కబురొచ్చిన వారంలో మళ్ళీ అదే నాటకం వేస్తాం, మా వీధి వాళ్ళ ముందు, టికెట్ లేకుండా. వేశాక హార్మోనిస్టు గారి దగ్గర్నుంచి లైట్లు పట్టిన కుర్రాడి దాకా ఒక్కొక్కళ్ళు తాము చేసిందాని గురించే మాట్లాడాలి, పక్కవాడి గురించి మాట్లాడకూడదు. ఒకసారి లైట్ల కుర్రాడు చెప్పాడు, మీరందరూ పద్యం అందుకునే ముందు రెండడుగులు ముందుకేస్తున్నారు, వేసి వెలుగులోంచి బయటికి పోతున్నారు అని. ఎన్ని ఏళ్ళుగా నాటకం ఆడుతున్నామో, ఎవరికీ తెలీదు ఆ సంగతి! ఆ రెండడుగులు ఎందుకంటే మైకులు లేని కాలంలో పెద్దలు అలా ముందుకొచ్చి పాడేవారు, అది చూసి మాకు వచ్చింది. స్క్రూటినీ వాళ్ళు చూసినప్పుడు సగం పద్యాలు చీకట్లో పాడాం అన్నమాట.

హార్మోనియం మాట వచ్చింది కాబట్టి, ఆ వాయిద్యాన్నే రేడియో వాళ్ళు 1940లో వద్దన్నారు, 1971 దాకా నిషేధమే. మన గమకాలు పలకవు అని. వాళ్ళు అన్నదాంట్లో సంగీతపరంగా నిజం లేకపోలేదు. కానీ ఆ ముప్పై ఏళ్ళూ మా పద్య నాటకం స్టేజి మీద హార్మోనియం లేకుండా తెర లేవలేదు. ఒక చోట పనికిరానిది ఇంకో చోట ప్రాణం.

ఢిల్లీ_బండి (వరంగల్)

నేను నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు ట్రై చేసిన. మొదటి రౌండ్ దాటి ఢిల్లీల వర్క్‌షాప్ దాక పోయిన, అక్కడ పోయింది. ఆ కొన్ని రోజులల్ల నేర్చుకున్నది నాకు ఇప్పటికీ పనికొస్తున్నది, ఆటలు ఆడిపిస్తరు, కొత్త వాళ్ళతోని సీన్ కట్టమంటరు, మనం ఇంటికాడ దిద్దుకొని పోయిన మోనోలాగ్ అక్కడ చాలా చిన్న ముక్క. కానీ తిరిగి వచ్చినంక ఆరు నెలలు మనిషిని కాలే. నిద్ర లేదు, తిండి లేదు, ఫోన్ ఎత్తకపోయేటోన్ని. నటన నా ఒక్క పని అనుకున్న, అదే నేను అనుకున్న, అది పోతే నేనే లేనట్టు అయింది. ఇక్కడ ఎవరికన్న అట్ల ఉంటే దాచుకోకుండ్రి. 14416 టెలీ మానస్, గవర్నమెంట్‌ది, ఫ్రీ, తెలుగుల మాట్లాడ్తరు. నేను డాక్టర్ దగ్గరికి గూడ పోయిన. ఇప్పుడు పిల్లలకు స్కూళ్ళల్ల థియేటర్ చెప్తున్న, వచ్చే ఏడు వీధి నాటకం టీం పెడ్తున్నం. మళ్ళ ఢిల్లీ పోలే, పోవాలని గూడ లేదు. ఇది ఓడిపోవుడు అని నేను అనుకుంట లేను.

మువ్వల_సవ్వడి

@ఢిల్లీ_బండి ఇది రాసినందుకు థ్యాంక్స్ అన్నా. నిజంగా.

ఐదున్నర_శృతి

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. గురువుగారికి ఫోన్ చేశాను. మద్దెల గారు చెప్పినట్టే ఆయనకి ముందే తెలుసు. ఏమీ అడగలేదు, రేపు పొద్దున్నే రా, శృతిపెట్టె తీసుకురా అన్నారు అంతే.

వీణతంతి మాస్టారూ, మీరు చెప్పినట్టు పడగ్గదిలో పాడి రికార్డ్ చేశా. ఆడిషన్‌లో పాడినదే, అదే వరసలో. విన్నాక ముందు నమ్మలేదు. తారస్థాయి సంగతి అలా ఉంచండి, అది కొంచెం ఉంది. నడక! తాళం వేగం కొలిచే మెట్రోనోమ్ పెట్టి చూశాను, కీర్తన మొదట్లో నిమిషానికి 72 దెబ్బల దగ్గర ఉన్నది స్వరాలు అయ్యేసరికి 84 దాటింది. స్కూల్లో పిల్లలకి పాడిస్తాను కదా, వాళ్ళు నెమ్మదించినప్పుడల్లా లాక్కెళ్ళడం అలవాటైపోయింది, అది నా పాటలోకి వచ్చేసింది అనుకుంటున్నా. వర్ణంలో రాలేదు, కీర్తనలో రాలేదు, స్వరాల్లోనే వస్తోంది, అది కూడా రెండో కాలంలోకి వెళ్ళినప్పుడు. ఇదే కారణమో కాదో నాకు ఎవరూ చెప్పరు, కానీ ఇది ఉందని నా చెవికే తెలిసింది కాబట్టి దీని పని పడతా.

కృష్ణానగర్ తమ్ముడూ, బస్సులో రాసుకునే పద్ధతి నేనూ మొదలుపెట్టా. ఆడిషన్ జరిగి చాలా రోజులైనా గుర్తున్నంత రాశాను, అందులో సగం నేను ఏం పాడానో కాదు, గాజు అవతల రికార్డింగ్ చేసేవాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో అని రాసి ఉంది. పాడుతూ వాళ్ళని చూస్తూ ఉన్నానన్నమాట.

ఒక్క డౌట్. ఈసారి జాబితాలోంచి తోడి తీసేయమంటారా?

వీణతంతి

తీసెయ్యండి, కానీ పాడ్డం మానకండి. జాబితా వేరు, సాధన వేరు. కల్యాణి, ఖరహరప్రియ, మోహనం, శంకరాభరణం, మీకు నిద్రలో లేపి అడిగినా పాడగలిగినవి ఉంచండి. తోడి రోజుకో అరగంట గురువుగారి దగ్గర కూర్చుని గాంధారం ఒక్కటే పట్టండి.

నడక గురించి: మెట్రోనోమ్ తప్పు పట్టుకోవడానికి పనికొచ్చింది, దిద్దుకోవడానికి మనిషి కావాలి. మృదంగంతో పాడండి. రెండో కాలంలోకి వెళ్ళేటప్పుడు పల్లవి ఎత్తుగడ ఒకసారి పూర్తిగా పాడి, అప్పుడు స్వరం అందుకోండి. ఆ ఎత్తుగడే మిమ్మల్ని వెనక్కి పట్టుకుంటుంది.

పద్యం_ప్రాణం

అమ్మా, మొహాలు చూడ్డం గురించి. మా పెద్దలు కొత్తవాళ్ళకి చెప్పేది, ఆఖరి వరస వెనకాల గోడ మీద ఒక చుక్క పెట్టుకో, అక్కడికి పాడు అని. స్టూడియోలో మైకు జాలీ మీద పెట్టుకో ఆ చుక్క.

ఐదున్నర_శృతి

మృదంగంతో అంటే ఇక్కడ మాకు రెగ్యులర్‌గా ఎవరూ లేరు మాస్టారూ, కచేరీ ఉంటేనే పిలుస్తాం. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రాజమండ్రి, కాకినాడ వైపు.

మద్దెల_మోత

నా శిష్యుడొకడు రాజమండ్రిలోనే జాబ్ చేస్తున్నాడు, ఆదివారాలు ఖాళీ. వాడు కూడా వచ్చే దఫా బి గ్రేడ్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాడు, గాత్రానికి వాయించే అలవాటు తక్కువ వాడికి, ఇంతకాలం ఎక్కువ వయొలిన్‌కే వాయించాడు. ఇద్దరికీ పనికొస్తుంది. నంబర్ ఇక్కడ పెట్టను, నీకు మెసేజ్ చేస్తా. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు, కాఫీ ఇస్తే చాలు. ఒక్కటి ముందే చెప్తున్నా, నువ్వు పరిగెడితే వాడు కూడా నీతో పరిగెత్తకుండా ఆపమని వాడికి చెప్పి పంపుతా, నువ్వేమీ అనుకోకు.

ఐదున్నర_శృతి

అస్సలు అనుకోనండి. పంపండి, ఆదివారం పొద్దున ఏడింటికి అయితే ఇంట్లో అందరికీ వీలు.